జెమినిడ్స్‌కి రోలు మొత్తం పెట్టినా ఒక్క ఉల్కా పడలేదు, తప్పెక్కడ?

బల్బ్‌మోడ్_బాలు
రోలు కడిగించి తెచ్చాను. 36 ఫ్రేముల్లోనూ చుక్కలున్నాయి, ఉల్క మాత్రం లేదు. జెమినిడ్స్, అంటే డిసెంబరు ఉల్కల వాన, ఆ రాత్రి కళ్లకి పాతిక దాకా కనిపించాయి, అందులో మూడు నాలుగు కెమెరా పెట్టిన వైపే రాలాయి. సెటప్ ఇది: నికాన్ ఎఫ్ఎం10, దాంతో వచ్చే 35-70 జూమ్, 35 దగ్గర ఎఫ్/3.5, కొడాక్ గోల్డ్ 200, ఫ్రేముకి 30 సెకన్లు. డిజిటల్ వాళ్లంతా 20, 30 సెకన్లే అంటారు కదా అని అదే పెట్టాను. వచ్చే డిసెంబరుకి, అంటే 2026కి, ఏం మార్చాలి? డిజిటల్ కొనుక్కో అనేవాళ్లు దయచేసి వేరే థ్రెడ్ చూసుకోండి.

నెగెటివ్_నాని
డిజిటల్ కొనుక్కో.

నెగెటివ్_నాని
సారీ, చెయ్యి ఆగలేదు. గిరి గారొస్తారు, ఆయన లెక్కల పుస్తకం తెరిచేలోపు టీ పెట్టుకో.

గ్రెయిన్_గిరి
టీ అయిందా? సరే.

ముందు చిన్న లెక్క. 36 ఫ్రేములు, ఒక్కోటి 30 సెకన్లు. మొత్తం షట్టర్ తెరిచి ఉన్నది 18 నిమిషాలు. రాత్రంతా నువ్వు ఆకాశం చూశావు, కెమెరా చూసింది 18 నిమిషాలే. అదే 36 ఫ్రేముల్ని 10 నిమిషాల చొప్పున పెడితే ఆరు గంటలు. రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా ఒక్క రోలు సరిపోతుంది.

రెండోది అసలు విషయం. చుక్క ఒకచోటే ఉంటుంది కాబట్టి ఎంతసేపు తెరిస్తే అంత కాంతి పోగవుతుంది. ఉల్క అలా కాదు, పరిగెడుతుంది. జెమినిడ్ ఉల్క సెకనుకి 35 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. 100 కి.మీ. దూరంలో అడ్డంగా పోయిందనుకో, సెకనుకి 20 డిగ్రీలు. 35 ఎంఎం లెన్సులో ఫిలిం మీద అది సెకనుకి 12 మిల్లీమీటర్ల పైచిలుకు. ఉల్క బింబం వెడల్పు 0.03 మి.మీ. అనుకుంటే ఫిలిం మీద ఒక్కో బిందువుకి దక్కే సమయం సుమారు సెకనులో 400వ వంతు. నువ్వు 30 సెకన్లు తెరిచినా, గంట తెరిచినా ఆ 400వ వంతు మారదు. షట్టర్ సమయం ఆకాశానికి సంబంధించింది, ఉల్కకి కాదు. ఉల్కకి పనికొచ్చేవి మూడే: లెన్స్ ఎంత తెరుచుకుంటుంది, ఫోకల్ లెంగ్త్ ఎంత, ఫిలిం ఎంత వేగం (ఐఎస్ఓ).

వీటిలో లెన్సువి రెండిటినీ పోల్చడానికి సులువు దారి: ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరు (ఎఫ్/ తర్వాతి అంకె, అది చిన్నదైతే లెన్స్ ఎక్కువ తెరుచుకున్నట్టు) వర్గంతో భాగించు.
నీ జూమ్: 35 ÷ 12.25 = 2.9
50 ఎంఎం ఎఫ్/1.8: 50 ÷ 3.24 = 15.4

అయిదు రెట్ల పైన తేడా. దాని మీద ఐఎస్ఓ 200 బదులు 400 వేస్తే మరో రెట్టింపు, దాదాపు పదకొండు రెట్లు. మాగ్నిట్యూడ్‌లో (చుక్కల వెలుగు కొలత, ఒక్కో అంకె పెరిగితే సుమారు రెండున్నర రెట్లు మసక) చెప్పాలంటే 2.6. నీ కంటికి బాగా కనిపించిన ఉల్కలు కూడా నీ ఫిలిం దాకా రాలేదంటే ఆశ్చర్యం లేదు.

బల్బ్‌మోడ్_బాలు
18 నిమిషాలు అనగానే తల పట్టుకున్నాను. ఆ లెక్క నాకెందుకు తట్టలేదో.

మరి ఎఫ్/1.8 దగ్గర 10 నిమిషాలు తెరిస్తే ఆకాశం తెల్లగా మాడిపోదా?

గ్రెయిన్_గిరి
ఊళ్లో అయితే మాడిపోతుంది, రెండు నిమిషాలకే. చీకటి చోట మాడదు, ఎందుకంటే ఫిలింకి ఒక మంచి జబ్బుంది. మసక కాంతిలో సమయం పెరిగేకొద్దీ దాని స్పందన తగ్గుతుంది, రెసిప్రాసిటీ ఫెయిల్యూర్. హెచ్‌పీ5 ప్లస్‌కి (నలుపు తెలుపు ఫిలిం) తయారీదారు ఇల్ఫర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం మీటరు చూపిన సెకన్లని 1.31 ఘాతానికి ఎత్తాలి. దాన్నే తిరగేసి చూడు: నువ్వు 600 సెకన్లు తెరిస్తే ఆకాశపు మసక వెలుగు విషయంలో అది సుమారు 132 సెకన్లలాగే పనిచేస్తుంది. రెండు స్టాపుల పైన తగ్గిపోయింది (ఒక స్టాపు తగ్గడమంటే కాంతి సగమవడం). ఉల్క మాత్రం 400వ వంతు సెకనులో గట్టిగా కొట్టి పోతుంది కాబట్టి దానికి ఈ నష్టం లేదు. అంటే వెనక నలుపు నలుపుగానే ఉంటుంది, గీత పూర్తి బలంతో పడుతుంది. మామూలు నైట్ ఫొటోలకి శాపమైనది ఇక్కడ వరం.

ఎఫ్_ఒకటిన్నర
దీన్ని పట్టుకుని రెసిప్రాసిటీ బాగున్న ఫిలిం కొనేవాళ్లున్నారు. ఏక్రోస్ 100కి 120 సెకన్ల దాకా సవరణే అక్కర్లేదు కాబట్టి ఆకాశానికి అదే గొప్పదంటారు. నక్షత్ర మండలాలకి నిజమే. ఉల్కలకి అది తిరగబడుతుంది: ఆకాశాన్ని చక్కగా పోగేస్తుంది, ఐఎస్ఓ 100 కాబట్టి ఉల్కని వదిలేస్తుంది.

కర్నూలు_కటకం
గిరి గారితో ఒక్కచోట ఒప్పుకోను. 50 ఎంఎం చూసేది ఆకాశంలో చిన్న కిటికీ. 28 పెడితే అంతకి మూడు రెట్లు ఆకాశం పడుతుంది. ఉల్క ఎక్కడ రాలుతుందో తెలియనప్పుడు వల పెద్దగా ఉండాలి కదా.

గ్రెయిన్_గిరి
వల పెద్దదే, కంత కూడా పెద్దదే. 28 ఎంఎం ఎఫ్/2.8కి 28 ÷ 7.84 = 3.6. 50/1.8 దానికి నాలుగు రెట్ల పైన, అంటే 1.6 మాగ్నిట్యూడ్ మసక ఉల్కల దాకా పడుతుంది. ఉల్కల్లో ఒక్కో మాగ్నిట్యూడ్ కిందికి దిగితే సంఖ్య రెండు, రెండున్నర రెట్లు అవుతుంది. కాబట్టి 50కి అదే కిటికీలో మూడు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ ఉల్కలు దొరకాలి. 28 చూసే ఆకాశం 2.8 రెట్లు. రమారమి సమానం, 50 కొంచెం పైన.

కర్నూలు_కటకం
సమానమే అయితే నేను 28కే ఓటు. కింద కొండ, చెట్టు కూడా పడతాయి. ఖాళీ నల్ల ఆకాశంలో ఒక గీత ఉంటే ఇంట్లో వాళ్లకి చూపిస్తే "నెగెటివ్ మీద గీటు పడింది" అంటారు.

ఎఫ్_ఒకటిన్నర
ఇద్దరికీ రాజీ: 35 ఎఫ్/1.4 ఉంటే 17.9 వస్తుంది, 50/1.8 కన్నా మెరుగు, కిటికీ దాదాపు రెట్టింపు. ధర మాత్రం అడగొద్దు. రష్యన్ హీలియోస్ 44, అంటే 58 ఎఫ్/2, 14.5. జెనిత్‌తో పాత సామాన్ల బజార్లో దొరికేది ఇదే, చాలు.

ఇంకో మాట. లెన్సు పూర్తిగా తెరిచే వాడాలి. మూలల్లో చుక్కలు పక్షి రెక్కల్లా సాగుతున్నాయని 2.8కి మూస్తారు, 1.8 నుంచి 2.8కి వెళ్తే దాదాపు ఒక మాగ్నిట్యూడ్ పోతుంది. మూల చుక్కలు అందంగా ఉండి ఉల్క లేని ఫొటో ఏం చేసుకుంటాం?

పాతకెమెరా_పంతులు
బాలూ, ఎఫ్ఎం10కి 50 కొనేటప్పుడు జాగ్రత్త. ఎపర్చర్ రింగ్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చేత్తో తిప్పి పెట్టేది) ఉన్నదే తీసుకో: ఏఐ, ఏఐ-ఎస్, సిరీస్ ఇ, ఏఎఫ్-డి ఏదైనా సరే. పేరు చివర జి ఉన్న 50కి రింగ్ ఉండదు. దాన్ని ఎఫ్ఎం10 మీద బిగిస్తే ఎపర్చర్ చిట్టచివరికి మూసుకుంటుంది, అప్పుడు చంద్రుడు రాలినా పడదు.

బాడీ సంగతికొస్తే ఎఫ్ఎం10 మంచిదే. షట్టర్ పూర్తిగా మెకానికల్, బ్యాటరీ మీటరుకి మాత్రమే. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2, యాషికా ఎఫ్ఎక్స్-3, ఒలింపస్ ఓఎం-1, మినోల్టా ఎస్ఆర్‌టీ అన్నీ ఇదే జాతి. నికాన్ ఎఫ్ఈ, పెంటాక్స్ ఎంఈ సూపర్ ఎలక్ట్రానిక్ అయినా వాటి బి, అంటే బల్బ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే సెట్టింగ్), మెకానికలే. కానన్ ఏఈ-1తో మాత్రం వద్దు. బిలో ఉన్నంతసేపూ బ్యాటరీ తింటుంది, మధ్యరాత్రి చచ్చిపోతుంది. పెంటాక్స్ 67దీ అదే రోగం.

హైపో_హరి
నా దగ్గర యాషికా ఎంఎఫ్-2 ఉంది, పనికొస్తుందా?

పాతకెమెరా_పంతులు
పెళ్లి ఫొటోలకి పనికొస్తుంది. బి లేదు దానికి.

డార్క్‌రూమ్_దుర్గ
ఫిలిం గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

నలుపు తెలుపులో హెచ్‌పీ5 ప్లస్ లేదా ట్రై-ఎక్స్ 400. డెల్టా 3200, టీ-మ్యాక్స్ పీ3200 పేర్లు చూసి మోసపోకండి, వాటి అసలు వేగం వెయ్యికి అటూ ఇటూ. 3200 అనేది పుష్ చేస్తే, అంటే డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే, వచ్చే అంకె. 400 ఫిలిం కన్నా ఒక స్టాపు పైన లాభం ఉంది, కానీ ఇసక పోసినట్టు గ్రెయిన్. సన్నటి గీత ఆ ఇసకలో కలిసిపోతుంది.

రంగుల్లో పోర్ట్రా 800 హాయి. సినీస్టిల్ 800టిలో ప్రకాశవంతమైన చుక్క చుట్టూ ఎర్ర గుండ్రం వస్తుంది, వెనక నల్ల పొర తీసేసి అమ్ముతారు కాబట్టి. కొందరికి ఇష్టం, నాకు కాదు. ఆ నల్ల పొర, అంటే రెమ్‌జెట్, అలాగే ఉన్న సినిమా ఫిలిం 500టి చిన్న రోళ్లుగా చుట్టి తక్కువ ధరకి అమ్ముతున్నారు. అది మామూలు సి-41 (రంగుల నెగెటివ్ కడిగే పద్ధతి) ల్యాబ్‌కి ఇవ్వకూడదు. మెషీన్‌లో రసాయనమంతా మసి అవుతుంది, మీ తర్వాత వచ్చినవాళ్ల పెళ్లి ఫొటోలు కూడా పోతాయి.

డెవలపింగ్: హెచ్‌పీ5 ప్లస్ ఐడీ-11 స్టాక్‌లో 20 డిగ్రీల దగ్గర మామూలుగా ఏడున్నర నిమిషాలు. 800కి పదిన్నర, 1600కి 14. ఉల్కలకి నేనైతే 1600 అంటాను.

గ్రెయిన్_గిరి
దుర్గ గారూ, పుష్ చేస్తే వేగం పెరగదు కదా. ఫిలిం మీద పడని కాంతిని డెవలపర్ పుట్టించలేదు.

డార్క్‌రూమ్_దుర్గ
పుట్టించదు. పడిన దాన్ని పైకి తెస్తుంది. ఫాగ్ (బొమ్మ పడని చోట కూడా ఫిలింకుండే మసక) కన్నా ఒక్క పిసరు దట్టంగా ఉన్న గీతకీ వెనకున్న నలుపుకీ మధ్య తేడా పెరుగుతుంది, అదే మనకి కావాల్సింది. మీరు చెప్పింది చీకటి నీడల వివరాలున్న ఫొటోలకి వర్తిస్తుంది. ఇక్కడ వెనక ఏ వివరమూ అక్కర్లేదు.

గ్రెయిన్_గిరి
ఆకాశం నిజంగా నల్లగా ఉంటే ఒప్పుకుంటాను. ఊరి వెలుగున్న చోట పుష్ చేస్తే ఆ వెలుగు కూడా పైకొస్తుంది. అక్కడ ఒక స్టాపుకే ఆగాలి.

డార్క్‌రూమ్_దుర్గ
ఊరి వెలుగున్న చోట అసలు రోలే పెట్టకూడదు. గడువు దాటిన ఫిలిం కూడా వద్దు, దాని ఫాగే మన గీతని మింగేస్తుంది.

డిసెంబరులో కుళాయి నీళ్లు 20 డిగ్రీల మీదే ఉంటాయి. డెవలపర్ సీసాని ఐసు గడ్డలు వేసిన బకెట్లో కూర్చోబెట్టి థర్మామీటరు చూసి తియ్యండి. ఐసు గడ్డ నేరుగా డెవలపర్‌లో వేసేవాళ్లకి నేను బాధ్యురాలిని కాను.

హైపో_హరి
ఎవరో వేసి ఉంటారు, లేకపోతే ఆ వాక్యం రాదు.

లూప్_లక్ష్మి
బాలు గారూ, మీ రోలు ల్యాబ్ వాళ్లు కడిగి స్కాన్ చేసి ఇచ్చిందేనా? అయితే నెగెటివ్ చూడకుండా ఏ నిర్ణయానికీ రాకండి. స్కానర్ ఆటోమేటిక్‌గా నలుపుని బూడిద రంగుకి లేపుతుంది, మసక గీత ఆ గందరగోళంలో మాయమవుతుంది. పైగా దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి ఉంటే సన్న గీతనీ చిన్న చుక్కనీ దుమ్మనుకుని తుడిచేస్తుంది. ఫోన్ స్క్రీన్ తెల్లగా పెట్టి, దాని మీద నెగెటివ్ ఉంచి చిన్న భూతద్దం, అంటే లూప్‌తో చూడండి. నెగెటివ్‌లో ఉల్క నల్ల గీతగా ఉంటుంది.

ఇంకో పెద్ద ప్రమాదం కత్తెర. రాత్రి ఫ్రేములకి అంచు కనపడదు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ ఎక్కడో మెషీన్‌కి తెలియదు. సరిగ్గా ఉల్క మధ్యలోంచి కోసేస్తారు. రోలు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి పగటి ఫొటోలాంటిది, ఫ్లాష్‌తో అయినా తియ్యండి. కవరు మీద పెద్దక్షరాలతో "కొయ్యొద్దు, పొడుగ్గానే ఇవ్వండి" అని రాయండి. అలా రాయకపోతే "రోలు ఖాళీ అండీ" అని ప్రింటు కూడా వెయ్యకుండా ఇచ్చేవాళ్లున్నారు.

బల్బ్‌మోడ్_బాలు
స్కాన్లే చూశాను, నెగెటివ్ చుట్ట అలాగే డబ్బాలో ఉంది. రేపు లూప్ తెచ్చి చూస్తాను.

ఫోకస్ గురించి కూడా చెప్పండి. నేను రింగుని ఇన్ఫినిటీ గుర్తు దాకా తిప్పి వదిలేశాను.

పాతకెమెరా_పంతులు
పాత మాన్యువల్ లెన్సుకి అది చాలా వరకు సరే, అక్కడ గట్టిగా ఆగుతుంది. ఏఎఫ్-డి లాంటివి ఇన్ఫినిటీ దాటి కూడా తిరుగుతాయి, అక్కడే దెబ్బ. అడాప్టర్‌తో బిగించిన ఎం42 లెన్సులనీ నమ్మలేం.

ఫిలిం ఎక్కించక ముందు పరీక్షించుకోండి. వెనక తలుపు తెరిచి, ఫిలిం పరుచుకునే పట్టాల మీద మసక సెలోటేప్ బిగువుగా అతికించండి. గరుకు గాజు ముక్క ఉంటే ఇంకా మేలు, గరుకు వైపు లెన్సుకేసి ఉండాలి. షట్టర్ బిలో లాక్ చేసి, దూరంగా టవర్ మీద ఎర్ర దీపానికో మంచి చుక్కకో గురిపెట్టి, లూప్‌తో చూస్తూ రింగు తిప్పండి. చుక్క అతి చిన్నగా అయిన చోట గుర్తు పెట్టుకుని రింగుకి టేపు వేసేయండి. జూములు ఆకాశంకేసి ఎత్తితే మెల్లగా జారతాయి, నీ 35-70 కూడా జారి ఉండొచ్చు.

కర్నూలు_కటకం
ముందు యూవీ ఫిల్టర్ ఉంటే పీకేయండి. అది మంచుని పిలిచి కూర్చోబెట్టే పీట.

నెగెటివ్_నాని
మంచు విషయం నిజం. ఒంటిగంట తర్వాత లెన్సు ముందు అద్దం మీద తేమ పడుతుంది, చీకట్లో కనపడదు. ఆ తర్వాతి ఫ్రేములన్నీ పాలలో ముంచినట్టు వస్తాయి. చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ పొట్లాలు రెండు లెన్సు చుట్టూ రబ్బరు బ్యాండుతో కట్టండి, ఫోకస్ రింగు కదలకుండా. పవర్‌బ్యాంక్‌తో నడిచే హీటర్ పట్టీ ఉంటే ఇంకా మంచిది. కొన్ని పవర్‌బ్యాంకులు కరెంటు తక్కువ లాగుతున్నారని వాటంతటవే ఆగిపోతాయి, ఇంట్లోనే రెండు గంటలు పెట్టి చూడండి. నల్ల చార్టు కాగితంతో గొట్టం చేసి హుడ్‌లా తొడగండి, మూలలు కొయ్యకుండా వ్యూఫైండర్‌లో సరిచూసుకుని. తేమ పట్టాక గుడ్డతో తుడవొద్దు, పది నిమిషాల్లో మళ్లీ పడుతుంది.

హైపో_హరి
120 రోళ్లకి ఏమైనా తేడా ఉందా? యాషికా మ్యాట్ 124జి ఉంది, 80 ఎఫ్/3.5.

గ్రెయిన్_గిరి
80 ÷ 12.25 = 6.5. బాలు జూమ్ కన్నా రెట్టింపు పైన, 50/1.8కి సగం లోపు. నెగెటివ్ పెద్దది కాబట్టి గీత నాజూగ్గా వస్తుంది. ఒక చిక్కుంది: 120 ఫిలిం మధ్యలో వదులుగా ఉంటుంది, రాత్రి తేమకి ఎక్స్‌పోజర్ మధ్యలో ఉబ్బి కదులుతుంది. చుక్కల గీతలో చిన్న వంకర కనిపిస్తే అదే. 12 ఫ్రేములే కాబట్టి ఫ్రేముకి ఇరవై నిమిషాలు పెట్టాలనిపిస్తుంది, చీకటి బాగుంటే పెట్టండి.

చుక్కల_చూరు
2026 లెక్క ఇది. అమావాస్య డిసెంబరు 9న. 14 రాత్రికి చంద్రుడు అయిదు రోజులవాడు, పదీ పదిన్నరకల్లా దిగిపోతాడు. ఉధృతి మన సాయంత్రం వేళకి దగ్గరగా ఉంది కాబట్టి 14 రాత్రి ముఖ్యం, 13 రాత్రి రెండోది. ప్రకాశవంతమైనవి ఉధృతి దాటాక ఎక్కువ వస్తాయి, ఫిలింకి అది మంచిదే.

ఉల్కలు వెలువడినట్టు కనిపించే చోటు పునర్వసు జంటలో కాస్టర్ పక్కన. మన దగ్గర సాయంత్రం ఏడు తర్వాత పొడుస్తుంది, రెండింటికి నడినెత్తికి కాస్త ఉత్తరంగా 74 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. కెమెరాని నేరుగా దానికేసి పెట్టొద్దు, అక్కడ గీతలు పొట్టిగా వస్తాయి. మరీ 90 డిగ్రీల దూరంలోనూ వద్దు, అక్కడ ఉల్క వేగం ఎక్కువ, గిరి గారి 400వ వంతు ఇంకా తగ్గుతుంది. 40, 50 డిగ్రీల దూరం సరైనది. పదకొండు నుంచి ఓరియన్ నడుంపట్టీ మూడు చుక్కల వైపు పెట్టొచ్చు, అది అంతే దూరం. పిల్లలకోడి కూడా అంతే, కానీ రెండు దాటాక పడమటికి వాలిపోతుంది. అప్పుడు సప్తర్షి మండలం వైపు తిప్పండి.

ఎఫ్_ఒకటిన్నర
ఎక్కడికెళ్లాలి అన్నది కూడా చెప్పండి చూరు గారూ.

చుక్కల_చూరు
అనంతగిరి కొండలు దగ్గరే కానీ తూర్పున హైదరాబాద్ వెలుగు గోడలా ఉంటుంది. లంబసింగి పేరు విని వెళ్లకండి, అక్కడ డిసెంబరులో పొగమంచే ప్రసిద్ధి. నల్లమల నల్లగానే ఉంటుంది కానీ రాత్రిపూట అడవి రోడ్డులో ఆగనివ్వరు. గండికోట వైపు, అనంతపురం పల్లెల వైపు ఆకాశం బాగుంటుంది. తెలిసినవాళ్ల పొలం అన్నిటికన్నా మేలు, మోటారు షెడ్డు లైటు ఆపించుకోవచ్చు.

డాలస్_దూరపుచూపు
అమెరికా నుంచి పోర్ట్రా 800 తెప్పించుకునేవాళ్లకి: ఎయిర్‌పోర్టుల్లో కొత్త సీటీ స్కానర్లు చేతి సంచులకీ వచ్చేశాయి. అవి ఏ వేగం ఫిలింకైనా ఫాగ్ తెస్తాయి, 800కి మరీ. చెక్-ఇన్ సామానులో అసలే పెట్టొద్దు. పారదర్శక కవరులో విడిగా పెట్టి చేత్తో చూడమని అడగండి. ఆకాశం ఫొటోలకి ఆ కాస్త ఫాగే కొంప ముంచుతుంది.

కర్నూలు_కటకం
మంచి ఉల్క పడ్డాక షట్టర్ మూసెయ్యాలా, పది నిమిషాలూ పూర్తి చెయ్యాలా?

నెగెటివ్_నాని
మూసెయ్. విమానం వచ్చి దాని మీదే అడ్డంగా పోతుంది, గ్యారంటీ.

డార్క్‌రూమ్_దుర్గ
వెంటనే వద్దు. పెద్ద ఉల్క వెనక కొన్ని సెకన్లు పొగ చారలా వెలుగు మిగులుతుంది, అదీ పడనివ్వండి. పదీ పదిహేను సెకన్లు ఆగి, నల్ల అట్ట లెన్సు ముందు పెట్టి, ఆ తర్వాత కేబుల్ రిలీజ్ (షట్టర్ నొక్కే తీగ) వదలండి. తెరిచేటప్పుడూ అంతే: అట్ట అడ్డుపెట్టి షట్టర్ తెరిచి, కెమెరా ఊగడం ఆగాక అట్ట తియ్యండి. టైము, ఫ్రేము నంబరు, ఎటు నుంచి ఎటు పోయిందో కాగితం మీద రాసుకోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, లెన్సు ముందుకి రానివ్వకండి.

ఎఫ్_ఒకటిన్నర
చుక్కలు గీతలవకుండా బార్న్ డోర్ (కెమెరాని ఆకాశంతో పాటు తిప్పే చెక్క అమరిక) పెట్టొచ్చుగా? 10 నిమిషాలకి ఆకాశం రెండున్నర డిగ్రీలు తిరుగుతుంది, 50 ఎంఎంలో అది ఫిలిం మీద 2 మి.మీ. పైనే. రెండు చెక్కలు, ఒక బందు, ఒక 6 ఎంఎం బోల్టు. ఆ బోల్టు మర ఒక చుట్టుకి 1 మి.మీ. జరుగుతుంది కాబట్టి బందు నుంచి బోల్టుకి 228.5 మి.మీ. దూరం పెట్టి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే చాలు.

పాతకెమెరా_పంతులు
ఉల్కకి లాభం లేదు, అది ఎలాగూ పరిగెడుతుంది. చుక్కలు చుక్కల్లా ఉంటే నాలుగైదు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఉల్కలన్నీ పునర్వసు నుంచి విచ్చుకున్నట్టు చూపించొచ్చు. అది ఒక్కటే లాభం. మన దగ్గర ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే, పొగమంచులో దొరకదు. బందుని దాని మీదకి సరిగ్గా కట్టకపోతే అంత కష్టమూ వృథా. మొదటిసారికి వద్దు బాలూ.

చుక్కల_చూరు
ఇద్దరు మనుషులు ఉంటే వేరే సరదా ఉంది. 40, 50 కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు ఆకాశంలో ఒకే చోటుకి పెట్టండి. అదే ఉల్క రెండు నెగెటివ్‌ల మీద వేర్వేరు చుక్కల మధ్య పడుతుంది, ఆ జరుగుడు నుంచి ఎత్తు కట్టొచ్చు. లెన్సు ముందు చిన్న మోటారుతో రెక్క తిప్పితే గీత ముక్కలు ముక్కలుగా వస్తుంది, రెక్క వేగం తెలిస్తే ఉల్క వేగం తెలుస్తుంది. 1959 ఏప్రిల్ 7న చెక్ దేశంలో ప్షీబ్రామ్ ఉల్కని ఇలాగే కెమెరాలతో పట్టి, దాని కక్ష్య కట్టి, రాళ్లు కూడా దొరకబుచ్చుకున్నారు. అసలు ఉల్కకి తొలి ఫొటో 1885 నవంబరు 27న ప్రాగ్‌లో వైనెక్ తీసింది, గాజు ప్లేటు మీద.

హైపో_హరి
గాజు ప్లేటా! ఆకాశానికి ఫిలిం పిచ్చి అంటారుగానీ మన బేగంపేట నిజామియా వేధశాలలోనూ గాజు ప్లేట్ల మీదే ఆకాశం పటం తీశారుగా.

చుక్కల_చూరు
అవును, ప్రపంచమంతా పంచుకున్న ఆకాశపు పటంలో దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వాటా.

బల్బ్‌మోడ్_బాలు
లూప్‌తో చూశాను!! మూడో ఫ్రేములో గీత ఉంది. స్కాన్‌లో లేదు, నెగెటివ్‌లో ఉంది. ఉల్కే కదా?

లూప్_లక్ష్మి
ఆగండి. ముందు గీటు కాదని తేల్చుకోండి. ఫిలిం అంచుకి సమాంతరంగా ఉండి పక్క ఫ్రేములోకి కూడా పోతే అది క్యాసెట్ నోటి దగ్గర ఇసుక గీసిన గీటు. మెరుపు తీగలా కొమ్మలుంటే పొడి గాలిలో గబగబా వెనక్కి చుట్టడం వల్ల వచ్చిన స్టాటిక్. ఎమల్షన్ (మందు పూత) వైపు ఏటవాలు వెలుగులో చూడండి, గీటైతే మెరుస్తుంది.

బల్బ్‌మోడ్_బాలు
గీటు కాదు. ఏటవాలుగా ఉంది, ఒక్క ఫ్రేములోనే ఉంది, మెరవడం లేదు. మధ్యలో చుక్కచుక్కలుగా కూడా లేదు కాబట్టి విమానం కాదు.

గ్రెయిన్_గిరి
రెండు కొసలు ఎలా ఉన్నాయి? ఉల్క సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నగా తేలిపోతుంది. లావు ఒకే తీరుగా ఉందా?

బల్బ్‌మోడ్_బాలు
మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. కొసలు కత్తితో కోసినట్టున్నాయి.

చుక్కల_చూరు
మూడో ఫ్రేము అన్నారు. ఎన్నింటికి?

బల్బ్‌మోడ్_బాలు
ఏడుకి అటూ ఇటూ.

గ్రెయిన్_గిరి
కొసలు కోసినట్టున్నాయంటే నీ షట్టర్ తెరిచినప్పుడు మొదలై, మూసినప్పుడు ఆగింది. అంటే 30 సెకన్ల పాటు అక్కడే పోతూ ఉంది. అది ఉపగ్రహం. ఏడింటికి ఇంకా పైన ఎండ తగులుతుంది వాటికి, జెమినిడ్స్ అప్పటికి పొడిచీ పొడవక ఉంటాయి.

నెగెటివ్_నాని
18 నిమిషాల్లో ఒక ఉపగ్రహం. ఆరు గంటలైతే కనీసం ఇంకో పది ఉపగ్రహాలు పడతాయి బాలూ, నిరుత్సాహపడకు.

బల్బ్‌మోడ్_బాలు
సరే. 50/1.8 రింగున్నది వెతుకుతున్నాను, హెచ్‌పీ5 ప్లస్ రెండు రోళ్లు. నవంబరు అమావాస్యకి ఒక రోలులో 2, 5, 10 నిమిషాల ఫ్రేములు తీసి ఆకాశం ఎంత నల్లగా వస్తుందో చూసి, డిసెంబరుకి సమయం తేల్చుకుంటాను. కేబుల్ రిలీజ్ ఏదైనా పర్వాలేదా?

పాతకెమెరా_పంతులు
బిగించే మర ఉన్నదే తీసుకో. పది నిమిషాలు బొటనవేలుతో నొక్కి పట్టుకుంటే చలికి వేలు వణుకుతుంది, ఫ్రేములో ప్రతి చుక్కా వణుకుతుంది. కొన్నాక ఇంట్లో ఖాళీ కెమెరాకి తగిలించి లాక్ చేసి అరగంట వదిలెయ్, చౌకవాటిలో మర దానంతటదే జారిపోతుంది.